బిందె దగ్గర మనిషి

ఆరు, ముప్పై ఎనిమిది, ఐదు, నలభై ఒకటి, నాలుగు, ముప్పై ఏడు.

ఆరు మంగళవారాలు, ఆరు అంకెలు. దేవకృప వాటి కింద స్కేలు పెట్టి గీత గీసింది. కూడితే నూట ముప్పై ఒకటి. సగటున వారానికి ఇరవై రెండు. పై ఆఫీసు అడిగింది ముప్పై.

అది 2003 ఫిబ్రవరి. సీతాఫల్‌మండిలో వృద్ధుల ఆరోగ్య కేంద్రం జనవరిలో మొదలైంది. ఒక గది, రెండు బెంచీలు, ఒక బీరువా నిండా బీపీ, షుగర్ మాత్రలు. వారానికి ఒకరోజు, మంగళవారం, తొమ్మిదింటి నుంచి పన్నెండింటి దాకా డాక్టర్ వస్తాడు. పన్నెండు వారాలు చూస్తారు. ముసలివాళ్లు సరిపడా వస్తే కేంద్రం ఉంటుంది, లేకపోతే బీరువాతో సహా బోయిన్‌పల్లికి తరలిపోతుంది. బోయిన్‌పల్లి వెళ్లాలంటే స్టేషన్ దగ్గర బస్సు మారాలి. మోకాళ్లు పట్టేసినవాళ్లు, కళ్లు తిరిగేవాళ్లు రెండు బస్సులెక్కి బీపీ చూపించుకోరని తెలుసుకోడానికి సర్వేలు అక్కర్లేదు.

సర్వే మాత్రం జరిగింది. చేసింది దేవకృపే.

దేవకృపకు అప్పటికి యాభై ఏడు దాటింది. జూన్ ఆఖరున రిటైర్మెంటు. పుట్టింది సికింద్రాబాద్‌లోనే. తండ్రి గుంటూరు జిల్లా నుంచి రైల్వే ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఉండిపోయిన మనిషి. ఆమె ఇరవై నాలుగేళ్లకు ఆరోగ్య శాఖలో చేరి, ముప్పై మూడేళ్లు భుజానికి టీకాల పెట్టె తగిలించుకుని గల్లీలు తిరిగింది. కూర్చోవడం ఆమెకు చేతకాదు. మల్కాజ్‌గిరి నుంచి వచ్చే బస్సులో సీటు దొరికినా నిలబడే ఉంటుంది. చర్చిలో ప్రసంగం పొడుగైతే వెనక తలుపు దగ్గరకు వెళ్లి నిలబడుతుంది. "ఆమెను కూర్చోబెట్టాలంటే ఫోటో తియ్యాలి" అనేవాడట పోయిన భర్త.

అంతకుముందు వానాకాలంలో రెండు నెలలు ఇల్లిల్లూ తిరిగి, అరవై నిండినవాళ్లను ఆరు వందల పన్నెండు మందిని రాసుకుంది. వయసు, చూపు, పళ్లు, నడక, నిద్ర, మాత్రలు, ఒంటరిగా ఉంటున్నారా, ఎవరితోనైనా ఉంటున్నారా అన్నీ అడిగింది. ఫారంలో పన్నెండో గడి వృత్తి. "ఏం చేస్తావమ్మా?" అని అడిగితే అందరిదీ ఒకటే మాట: "ఏం చేస్త? పనేం లేదు. కూసుంట." ఆమె ఆ గడిలో "ఏమీ లేదు" అని రాసింది. నాలుగో గల్లీకి వచ్చేసరికి అది కూడా రాయకుండా పైదే కిందికి అన్నట్టు రెండు గీతలు పెట్టేసింది.

ఆ ఫారాల ఆధారంగానే పై ఆఫీసు ప్రణాళిక తయారుచేసింది. ఏ పనీ లేనివాళ్లకు ఏ రోజైనా ఒకటే కదా, డాక్టరుకు తీరిక మంగళవారం, కాబట్టి మంగళవారం.

"మంగళవారం కదా సిస్టర్, అందుకే రారు. కొత్తగా మందు మొదలుపెట్టడానికి మంచిరోజు కాదంటారు" అన్నాడు డాక్టర్ మధుసూదన్. ముప్పై ఏళ్లవాడు. ఏడో మంగళవారం అది. పదైనా ఖాళీ బెంచీల ముందు పేపర్ చదువుతున్నాడు.

"పోయినవారం ముప్పై ఏడు మంది వచ్చారు సార్. పోయినవారం వచ్చింది మంగళవారం కాదా?"

డాక్టర్ పేపర్ మడిచాడు.

"ఒక వారం రావడం, ఒక వారం మానడం. మధ్యలో ఒక్కసారైనా ఇరవై మంది రాలేదు. మంచిరోజు, చెడ్డరోజు చూసుకునేవాళ్లు ఇంత వరస తప్పకుండా మానరు సార్."

"మరి మీరేమంటారు?"

"నేనేమీ అనను. చూసొస్తాను" అని చెప్పులేసుకుంది.

మూడో గల్లీ మొగలో పిండి గిర్నీ ఉంది. దాని ఎదురుగా వీధి నల్లా. నల్లా దగ్గర్నుంచి కరెంటు స్తంభం దాకా బిందెలు, స్తంభం దగ్గర్నుంచి మలుపు దాకా ప్లాస్టిక్ డబ్బాలు. వాటి పక్కన, అరుగుల మీద, రాళ్ల మీద, బోర్లించిన బకెట్ల మీద ఆమె సర్వే మొత్తం కూర్చుని ఉంది. రెండు గీతలు పెట్టిన పేర్లన్నీ అక్కడే ఉన్నాయి.

లచ్చమ్మ వరసలో ఐదోది. డెబ్బై దాటిన మనిషి, పాదాల వాపు, పోయినసారి బీపీ నూట తొంభై.

"ఏమమ్మా లచ్చమ్మా, ఇయ్యాల దవాఖానకు రాలేదేం?"

"కనబడ్తలేదా నర్సమ్మా? నల్లా వచ్చే దినం గదా."

"పోయినవారం వచ్చావుగా?"

"పోయినవారం నల్లా రాలే, నేనొచ్చిన. ఇయ్యాల నల్లా వస్తది, నేను రాను. గిదేమన్న లెక్కల సవాలా?"

పక్కనున్న వీరయ్య, మిల్లులో పనిచేసి మానుకున్న పెద్దాయన, పళ్లు లేని నోటితో నవ్వాడు.

"మరి కోడలు?"

"కోడలు ఎనిమిదింటికే పనికి పోతది. కొడుకు పోతడు. పిల్లలు బడికి పోతరు. నల్లా తొమ్మిదిన్నరకు వస్తది. ఇంట్ల ఎవరుంటరు చెప్పు? నేనుంట, గీ వీరయ్య ఉంటడు."

"మరి నేను రాసుకునేటప్పుడు పనేం లేదన్నావే?"

లచ్చమ్మ ఆమెను వింతగా చూసింది. "గిది పనా నర్సమ్మా? నీళ్లు పట్టుడు."

దేవకృప బిందెల వరసను మలుపు దాకా చూసింది. ఆమె ఇంట్లో బోరుంది. నల్లా ఏ రోజు వస్తుందో, ఎన్నింటికి వస్తుందో ఆమెకు ఎన్నడూ పట్టలేదు.

"బిందె వరసలో పెట్టి రాకూడదా? పది నిమిషాల పని."

"బిందె ఒక్కతే ఉంటే ఎన్కకు జరుపుతరు. మనిషి కనబడాలె. నల్లా కాడ గదే రూలు. బిందె కాడ మనిషి లేకుంటే అది బిందె కాదు, ఉత్త ఇత్తడి."

నీళ్లు వదిలే తుకారాంను ఆమె అదే రోజు పట్టుకుంది. పొడుగాటి ఇనుప రాడ్ సైకిలుకు కట్టుకుని వాల్వులు తిప్పుకుంటూ తిరిగే మనిషి. దినం తప్పి దినం, అని చెప్పాడు. దేవకృప సంచిలోంచి చర్చి కాలెండర్ తీసి, గోడకు ఆనించి, రోజు విడిచి రోజు చుక్కలు పెట్టుకుంటూ పోయింది. వారానికి ఏడు రోజులు. కాబట్టి ఒక మంగళవారం చుక్క పడుతుంది, తర్వాతి మంగళవారం పడదు. రిజిస్టర్‌లో అంకెలు సరిగ్గా అలాగే ఎగిరెగిరి పడ్డాయి.

మర్నాడే పై ఆఫీసుకు వెళ్లింది. ప్రణాళిక చూసే అధికారి రామ్మోహనరావు. చెడ్డవాడు కాదు, ఫైలు దాటి ఆలోచించే తీరిక లేనివాడు.

"సార్, నీళ్లు వచ్చే వారం మంగళవారం బదులు సోమవారం పెడదాం. ఒక వారం మంగళవారం, ఒక వారం సోమవారం. సగటు నలభైకి చేరువవుతుంది."

"బోర్డు మీద ఏమని రాస్తామమ్మా? నల్లా రాని రోజున అనా? ఫారంలో వారం పేరు రాయడానికి ఒక్క గడే ఉంది. రెండు రాస్తే వెనక్కి వస్తుంది."

"గడి పెద్దది చేస్తే?"

"ఫారం నేను చెయ్యలేదు." కాగితాలు సర్దుకున్నాడు. "ఒకటి చేద్దాం. సగటు సంగతి పక్కన పెడతాను. ఆఖరి మంగళవారం, మార్చి ఇరవై ఐదున నేనే వస్తా. కేంద్రంలో ముప్పై మంది కనిపిస్తే ఉంచమని రాస్తాను. కనిపించకపోతే బోయిన్‌పల్లి వాళ్లు ఎప్పటినుంచో అడుగుతున్నారు."

బయటికొచ్చి మెట్ల మీదే కాలెండర్ తీసి చూసింది. ఇరవై నాలుగున చుక్క ఉంది. ఇరవై ఐదున లేదు. ఆ రోజు నల్లా రాదు. గండం గడిచినట్టే అనుకుంది.

అయినా కుదురు లేదు. నెల రోజులు రోజూ పొద్దున బస్సు దిగగానే కేంద్రానికి వెళ్లకుండా తుకారాంను వెతుక్కుంటూ వెళ్లేది. "ఇయ్యాల వదిలావా? రేపు వదలవు కదా?" అతను రెండోవారానికే విసిగిపోయాడు. "ఏందమ్మా పరేషాన్, నేనేమన్న ఎగిరిపోతున్ననా?" అనేవాడు.

మార్చి ఇరవై రెండు, శనివారం. నీళ్లు రావాల్సిన రోజు. ఎవరో రోడ్డు తవ్వుతూ గడ్డపారతో మెయిన్ పైపు పగలగొట్టారు. శనివారం నల్లా రాలేదు. ఆదివారం గుంట తవ్వి పెట్టారు. సోమవారం సాయంత్రానికి కొత్త ముక్క అతికించారు. దేవకృప వెళ్లేసరికి తుకారాం గుంట పక్కన చేతులు కడుక్కుంటున్నాడు.

"ఎప్పుడు వదుల్తావు?"

"రేపు. తొమ్మిదిన్నర."

"రేపు మంగళవారం తుకారాం! రేపే పెద్ద సారు వస్తున్నాడు. పన్నెండు తర్వాత వదలరాదా? రెండున్నర గంటలే కదా."

తుకారాం చేతులు లుంగీకి తుడుచుకుని ఆమెను తేరిపార చూశాడు. "గురువారం వదిలిన నీళ్లు. రేపటికి ఐదు దినాలు. నీళ్లు లేక జనం నా సైకిల్ టైర్లల్ల గాలి తీస్తున్రు. నువ్వు ఇంకా ఆగమంటవా? నీ దవాఖాన కోసం మూడు గల్లీల్ల ముసలోళ్లను ఎండబెట్టాల్నా?"

కడగని గిన్నెలోనే మళ్లీ తింటున్నారని, పిల్లలు స్నానాలు లేకుండా బడికి పోతున్నారని ఆమెకు తెలుసు. రెండున్నర గంటలు అడిగినందుకు తనకే సిగ్గేసింది.

లచ్చమ్మ ఇంటికి వెళ్లి గుమ్మంలో నిలబడే సంగతి చెప్పింది.

"రేపు నువ్వు గుండె పట్టుకొని సచ్చిపోతున్న అన్నా నేను రాను నర్సమ్మా. బిందె ఇడ్సి ఎట్లొస్తం?"

"రావద్దు. బిందె నీకు కనబడాలి, నువ్వు బిందెకు కనబడాలి. అంతే కదా రూలు?"

"గంతే."

"గిర్నీ ముందు రేకుల కింద బల్ల వేస్తే?"

లచ్చమ్మ తలుపులోంచి గిర్నీ వైపు ఒకసారి చూసింది. "కనబడ్తది" అంది. "గిర్నీవోనికి నేను చెప్త. వాని అమ్మ సుత మీ రిజిస్టర్ల ఉన్నది."

దేవకృప డాక్టర్ మధుసూదన్‌కు ఫోన్‌లో చెప్పింది. "సిస్టర్, ఆర్డర్‌లో కేంద్రం లోపల అని ఉంది. ఆయనొచ్చి ఖాళీ గది చూస్తే మీకు మెమో ఇస్తాడు. మూడు నెలల్లో రిటైరవుతున్నారు. మెమో పెండింగ్‌లో ఉంటే పెన్షన్ కాగితాలు కదలవు."

"తెలుసు సార్. మీకు ఇంకా ముప్పై ఏళ్ల సర్వీసుంది. నేను పిలిస్తే వచ్చానని రాసుకోండి."

మంగళవారం ఎనిమిదిన్నరకే బల్ల, కుర్చీ, బీపీ మిషను, మాత్రల డబ్బాలు, రిజిస్టరు గిర్నీ రేకుల కిందికి చేరాయి. దేవకృప కేంద్రం తాళం మీద కాగితం అంటించింది: "డాక్టర్ మూడో గల్లీ నల్లా దగ్గర ఉన్నారు." గిర్నీవాడు మిషను ఆపనన్నాడు. అతనికీ గిరాకీ ఉంది. దాంతో డాక్టర్ చెవికి గొట్టం పెట్టుకుని గుండె చప్పుడు వినాల్సిన ప్రతిసారీ దేవకృప చెయ్యెత్తేది, గిర్నీవాడు బెల్టు జార్చి ఆ కాసేపు చప్పుడు ఆపేవాడు. జొన్నపిండి అందరి నెత్తిమీదా పడి, అరవై ఏళ్లవాళ్లు ఎనభై ఏళ్లవాళ్లలా కనిపించారు.

తొమ్మిదిన్నరకు నల్లా దగ్గింది. గాలి, తుప్పు నీళ్లు, తర్వాత మంచి నీళ్లు. రెండు వరసలు కదిలాయి. ఒకటి బిందెలది, ఒకటి మనుషులది. వీరయ్య చేతికి పట్టీ బిగించి ఉండగా అతని బిందె ముందుకు జరిగింది. పట్టీతోనే లేవబోయాడు.

"పెద్దాయనా, మిషను నాది" అన్నాడు డాక్టర్.

"బిందె నాది" అన్నాడు వీరయ్య.

పదిన్నరకు రామ్మోహనరావు వచ్చాడు. కేంద్రం తాళం చూసి, కాగితం చదివి, నడిచొచ్చాడు. చంకలో ఫైలు, మొహంలో మంట. దేవకృప నిలబడే రాస్తోంది. రిజిస్టర్‌లో అప్పటికి నలభై నాలుగు పేర్లు.

"ఎవరు పర్మిషన్ ఇచ్చారు మీకు?"

"ఎవరూ ఇవ్వలేదు సార్."

"కేంద్రంలో ఎంతమంది ఉన్నారు?"

"ఎవరూ లేరు సార్. తాళం వేసే వచ్చాను."

"అయితే సున్నా అని రాసుకోనా?"

ఆమె జవాబు చెప్పేలోగా డాక్టర్ గొంతు గట్టిగా వినిపించింది. "రెండు వందల పది! అమ్మా, లేవొద్దు, ఈ మాత్ర వేసుకుని అరగంట పడుకోవాలి."

లచ్చమ్మ. గిర్నీ అరుగు మీదికి ఆమెను వాల్చారు. వాల్చినా తల తిప్పి నల్లా వైపే చూస్తోంది. ఆమె బిందె వరసలో నాలుగోది.

"నా బిందె... ఎన్కకు జరుపుతరు నర్సమ్మా."

దేవకృప ఒక చేత్తో ఆమె భుజం పట్టుకుని, ఇంకో చేత్తో మాత్ర అందిస్తోంది. డాక్టర్ రెండో చేతికి పట్టీ కడుతున్నాడు. వీరయ్య తన బిందెతో ఇంటికి పోయాడు. లచ్చమ్మ చుట్టూ చూసింది. ఖాళీ చేతులతో ఉన్న మనిషి ఒక్కడే కనిపించాడు.

"ఓ సారూ! పనేం లేకుంట నిలబడ్డవ్ గద, జెర నా బిందె కాడ నిలబడు."

రామ్మోహనరావు డాక్టర్ వైపు చూశాడు. డాక్టర్ పాదరసం వైపు చూశాడు. వరసలో అందరూ తన వైపే చూస్తున్నారు. ఫైలు బల్ల మీద పెట్టి, వెళ్లి బిందె పక్కన నిలబడ్డాడు.

వెనకనున్న ఆమె ఒప్పుకోలేదు. "ఎవరు నువ్వు? గీ గల్లీ మనిషివి కావు. బిందె జరుపు."

"నా మనిషే!" అని అరుగు మీంచి అరిచింది లచ్చమ్మ.

"అరవొద్దమ్మా" అన్నాడు డాక్టర్.

పావుగంట పట్టింది. ముందు వెనకల వాళ్లు ఆయనతో మాట్లాడలేదు, ఆయన్ను దాటి మాట్లాడుకున్నారు. ఎవరి కోడలు ఎన్నింటికి వస్తుంది, ఎవరింట్లో ఎన్ని బిందెలు కావాలి, నిన్న ఎవరు నీళ్లు లేక రెండో ఇంటికి పోయి అడిగారు. ఆయన వంతు వచ్చింది. బిందె నల్లా కింద పెట్టాడు. వంకరగా పెట్టడంతో సగం నీళ్లు బూట్ల మీద పడ్డాయి. "నిలువుగ పెట్టు, నిలువుగ!" అని నలుగురు ఒకేసారి కేకలేశారు. నిండిన బిందెను రెండు చేతులతో ఎత్తి గిర్నీ అరుగు దాకా మోసి, ఒగరుస్తూ దించాడు. లచ్చమ్మ రోజు విడిచి రోజు అలాంటివి ఆరు మోస్తుంది.

తడిసిన బూట్లతో దేవకృప దగ్గరికొచ్చి, ఫైలు తీసి, పాత సర్వే నకలు తిరగేశాడు. పన్నెండో గడి మీద వేలు పెట్టాడు.

"వృత్తి ఏమీ లేదు అని రాసింది ఎవరు?"

"నేనే సార్. తప్పు నాదే."

ఆయన ఫైలు మూశాడు. రిజిస్టర్‌లో అంకె చూసుకున్నాడు. మధ్యాహ్నం పన్నెండుకు అది అరవై మూడు.

ఏప్రిల్ పన్నెండున పై ఆఫీసు నుంచి రెండు కవర్లు వచ్చాయి. ఒకదాంట్లో మెమో: అనుమతి లేకుండా కేంద్రం వదిలి బయట శిబిరం నడిపినందుకు సంజాయిషీ చెప్పాలి. రెండోదాంట్లో ఉత్తర్వు: వృద్ధుల ఆరోగ్య కేంద్రం సీతాఫల్‌మండిలోనే కొనసాగుతుంది, రోజు, చోటు స్థానిక నీటి సరఫరాను బట్టి సిబ్బంది నిర్ణయించుకోవచ్చు. రెండింటి కిందా ఒకటే సంతకం.

డాక్టర్ రెండోది చదివి నవ్వాడు. దేవకృప మొదటిది మళ్లీ మళ్లీ చదివింది. సంజాయిషీ నాలుగు వాక్యాల్లో రాసి పంపింది. జవాబు రాలేదు. మే నెలంతా రాలేదు. జూన్‌లో మూడుసార్లు పై ఆఫీసుకు వెళ్లి, వరండాలో ఆ చివరి నుంచి ఈ చివరికి నడిచింది. "కూర్చోండమ్మా" అని ప్యూన్ మూడుసార్లూ అన్నాడు. జూన్ ఇరవై ఏడున, ఇంకో పనిదినం మిగిలి ఉండగా, మెమో మూసేసినట్టు ఒక ముక్క కాగితం చేతికిచ్చారు. దాని మీద కారణం ఏమీ లేదు.

జూలై మొదటి మంగళవారం ఆమె ఇంట్లో ఉండలేకపోయింది. తొమ్మిదింటికి మల్కాజ్‌గిరిలో బస్సెక్కి, సీటు ఖాళీగా ఉన్నా నిలబడి, మూడో గల్లీలో తేలింది. గిర్నీ రేకుల కింద బల్ల ఉంది. ఆమె స్థానంలో కొత్తగా వచ్చిన మేబెల్ రిజిస్టర్ రాస్తోంది.

"నాకూ ఒకసారి బీపీ చూడమ్మా. తల దిమ్ముగా ఉంది."

మేబెల్ ఇబ్బందిపడింది. "చూస్తాను మేడమ్. కానీ రాసుకోలేను. అరవై నిండాలి. మీకు యాభై ఎనిమిదే కదా. మాత్రలు ఇవ్వడానికి కుదరదు."

వరసలోంచి లచ్చమ్మ విన్నది. "గట్లనా! సర్కారు నిన్ను ముసలిదానివని ఇంటికి పంపె, దవాఖాన ఇంకా ముసలిదానివి కాలేదని ఎళ్లగొట్టె. ఎటూ కాకపోతివి నర్సమ్మా!"

వరసంతా నవ్వింది. దేవకృపకూ నవ్వు వచ్చింది గానీ సగంలో ఆగిపోయింది. ఎటు చూసినా చేతికి పని కనిపించడం లేదు. పట్టీ మేబెల్ చేతిలో ఉంది, రిజిస్టరు మేబెల్ ముందుంది. భుజం మీద సంచి అటునుంచి ఇటు మార్చుకుంది.

"ఇప్పుడేం చేస్తున్నవ్ ఇంటికాడ?" అంది లచ్చమ్మ బల్ల దగ్గరకు వస్తూ.

"ఏం చేస్తాను? పనేం లేదు."

"అయితే పోయి నా బిందె కాడ నిలబడు."

దేవకృప వెళ్లి నిలబడింది. ముందు బిందె కదిలింది. తను లచ్చమ్మ బిందెను మెడ పట్టుకుని ఒక అడుగు ముందుకు జరిపి, వెనకనున్న ఆమె చెయ్యి ఎక్కడుందో ఓసారి చూసుకుంది.